సెలైన్ సీసా మోసిన మేకు

నేను ఒక మేకును. నాలుగంగుళాల పొడవు, కిలోల లెక్కన అమ్ముడుపోయే జాతి. ఏదో ఫ్యాక్టరీలో తీగను తుంచి, ఒక దెబ్బతో తల, ఇంకో దెబ్బతో మొన పెట్టారు. ఆ రెండు దెబ్బలతో నా బాల్యం అయిపోయింది. సూరిబాబు అనే రైతు ఏలేశ్వరంలో పొట్లం కట్టించుకుని, పశువులపాకకు కొట్టడానికి మమ్మల్ని తీసుకెళ్లాడు. పొట్లంలో మిగతావాళ్లంతా పాకకు చేరారు. నేనొక్కడినే మిగిలాను.

ఆ వానాకాలం ఊళ్లో వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. సూరిబాబు భార్య నూకరత్నం కాపురానికొచ్చి ఏడాది కాలేదు. రెండు రోజుల్లోనే కళ్లు లోపలికి పోయి, మంచానికి అతుక్కుపోయింది. వాన తెరిపిచ్చిన పూట, వైద్యుడు మంచాన్ని పెరట్లో నల్లమద్దిచెట్టు కిందికి మార్పించాడు. సెలైన్ సీసా తగిలించడానికి ఏమీ లేదు. సూరిబాబు రోకలి తెచ్చి నన్ను చెట్టుకు కొట్టాడు. తొందరలో దెబ్బలన్నీ పక్కకు పడి, నా తల వంకరపోయింది. ఆ వంకరకే నాలుగు సీసాలు మోశాను. మూడో రోజు ఆమె లేచి కూర్చుని గంజి అడిగింది.

తర్వాత నన్ను పీకాలని ఎవరికీ తోచలేదు. మేకు కొట్టేటప్పుడున్న తొందర, పీకేటప్పుడు మనుషులకు ఉండదు. కొన్నాళ్లు చూసి చెట్టే నన్ను మింగేసింది. బెరడు మూసుకుంది, దాని మీద ఏడాదికింత చెక్క పేరుకుంది. ఇరవై ఆరేళ్లు చీకట్లో ఉన్నాను. కనిపించేది ఏమీ లేదు, మాటలు మాత్రం వినిపించేవి. మనుషులు చెట్టు కింద కూర్చుని ఎంత మాట్లాడతారో, అందులో ఎంత అనవసరమో నన్నడగండి.

ఈ దాళ్వాకు, అంటే రెండో పంటకు, వాళ్ల బోరు మోటారు కాలిపోయింది. వరి పొట్ట మీద ఉంది. కొత్త మోటారుకు పాతికవేలు కావాలి. పది రోజుల్లో నీళ్లు పడకపోతే రెండెకరాలూ గడ్డికిందే లెక్క. మొగుడూ పెళ్లాలు చెట్టు కిందే కూర్చుని, చెట్టును కొట్టేద్దామని తేల్చుకున్నారు. దాని కడుపులో నేనున్న సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

దుంగను ట్రాక్టరు మీద సామిల్లుకు తోలి, ఇద్దరూ వెంటే వచ్చారు. అక్కడ ధర కట్టడం పెద్ద తంతు; మాటలూ తాకిడీ బట్టే అంతా పోల్చుకున్నాను. మిల్లు యజమాని వీర్రాఘవులు ముందు కర్రతో తట్టి చూశాడు, డొల్ల ఉందేమోనని. చేవ బాగుందన్నాడు. చెక్కలో ముడులు లేవన్నాడు. నడిమధ్యన టేపు చుట్టి, చుట్టుకొలత ఆరడుగులన్నాడు. అందులో నాలుగో వంతు అడుగున్నర. దాన్ని దానితోనే హెచ్చవేసి, పద్నాలుగడుగుల పొడవుతో మళ్లీ హెచ్చవేస్తే ముప్ఫయ్యొకటిన్నర ఘనపుటడుగులు. అడుగు ఎనిమిది వందలు. గుండ్రటి దుంగను నలుచదరం చేసి లెక్కగడితే, ఆ అంచుల్లోని చెక్క ఎవరికి పోతుందని సూరిబాబు అడగలేదు. పాతికవేల పైచిలుకు అన్న మాట చెవిన పడగానే అతని ఊపిరి తేలికపడింది.

"పెరటి చెట్టు కదయ్యా. మేకులూ గీకులూ ఏవన్నా ఉన్నాయా? చెయ్యేసి చెప్పు," అన్నాడు వీర్రాఘవులు. "రేపు బ్లేడు తెగిందంటే ఖర్చు నీదే."

"ఏవీ లేవండి బాబూ."

అతని అరచెయ్యి దుంగ మీద పడింది. సరిగ్గా నా మీదే పడింది. నన్ను కొట్టిన చెయ్యే, చురుక్కుమన్నట్టు వెంటనే వెనక్కి పోయింది. అతను మరిచిపోలేదు. నాకు కోపం రాలేదు, జాలేసింది.

నూకరత్నం పక్కకు తిరిగి, రంపం నడిపే గంగాద్రితో మాట కలిపింది. "ఆ చెంప మీద గాటేంటి తమ్ముడూ?"

"బ్లేడండి. నిరుడు చింతదుంగలో మేకుంటే, తగిలి తెగి ఎగిరొచ్చింది. కన్ను తప్పింది, అదే పదివేలు."

ఆమె దుంగ దగ్గరికి వచ్చింది. తర్వాత గట్టిగానే అంది. "మేకుందండి. మొదలు కాణ్ణుంచి నా భుజమంత ఎత్తులో ఉంది."

"నువ్వూరుకోవే!" అన్నాడు సూరిబాబు.

"ఎలా ఊరుకుంటానండీ? నా సీసా కట్టిన మేకే కదా. నేను బతికింది ఇంకొకళ్ల కన్ను తియ్యడానికా?"

వీర్రాఘవులు కసురుకోలేదు, మెచ్చుకోనూ లేదు. మొదలు నుంచి ఆరడుగులు సుద్దతో గీసి, అది వంటచెరకు కిందికి తోసేశాడు. మిగిలిన ఎనిమిదడుగులకు పద్దెనిమిది ఘనపుటడుగులు. పద్నాలుగు వేల నాలుగు వందలు, వంటచెరకుకు ఇంకో వెయ్యి. మోటారు రాదు. ఆమెను బతికించానన్న గర్వంతో ఇన్నేళ్లు చీకట్లో నెట్టుకొచ్చాను. ఆ పూట నాకు సిగ్గేసింది.

వంటచెరకును గొడ్డలితో చీలుస్తుంటే బయటపడ్డాను. నా చుట్టూ చెక్క సిరా ఒలికినట్టు నల్లబడి ఉంది. వెలుతురు చూసి సంతోషించే వయసు దాటిపోయింది. పాత ఇనుము డబ్బాలో పడి నిద్రపోదామనుకున్నాను. గంగాద్రి నన్ను ఏరుకుని, రంపం పక్కనున్న గుంజకు కొట్టాడు. నాకు విశ్రాంతి రాసిపెట్టి లేదు.

నెల తర్వాత సూరిబాబు పాకకు చెక్కముక్కలు కొనడానికి వచ్చాడు. రీవైండింగు చేసిన పాత మోటారుతో ఎకరం దక్కిందని, ఎకరం ఎండిపోయిందని చెప్పాడు. చెబుతూ చెబుతూ గుంజ వైపు చూసి ఆగిపోయాడు. దగ్గరికొచ్చి నా వంకర తలను వేలితో తడిమాడు.

"ఇది మా మేకే కదా?"

"అవునండి. నా అన్నం క్యారేజీ రోజూ దీనికే తగిలిస్తాను."

సూరిబాబు గంగాద్రి మొహంకేసి చూశాడు. గాటు కేసి, పైనున్న కన్ను కేసి, చాలాసేపు చూశాడు. "మా ఆవిడతో చెబుతాను," అన్నాడు. చెక్కముక్కలు భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు.

పొద్దుగుంకే వేళ రంపం ఆపి, గంగాద్రి ఖాళీ క్యారేజీ తీసుకుని ఇంటికి వెళ్లాడు.