పత్తిచేని చొక్కా

గుడ్డమీద ఒకసారి దారంతో కుట్టిన బొమ్మను మళ్లీ అట్లాగే కుట్టమంటే నాకు ఒళ్లు మండుతుంది. అందుకే ఎమ్మిగనూరులోని నా కొట్లో ఒకదానిలాంటిది ఇంకొకటి ఉండదు. మగ్గాల దగ్గర మిగిలిన గుడ్డముక్కలతో ఆడవాళ్లకు పైకోట్లు కుడతాను.

ఆరోజు బెంగళూరు నుంచి వచ్చినామె అన్నీ చూసి, చివరికి మేకుకు తగిలించిన పాత నీలం చొక్కా దగ్గర ఆగింది. అది కౌతాళం సుగుణమ్మ మొగునిది. పత్తి తీసేటప్పుడు చేతులు గీసుకుపోకుండా సుగుణమ్మ దాన్ని చీరమీద తొడుక్కుంటుంది. ఎండుకాయల మొనలకు చిరిగిన ప్రతిచోటా నేనొక పత్తిపువ్వు కుట్టాను. పువ్వు మొదటిరోజు లేతపసుపు, మర్నాడు గులాబి అని రంగులు చెప్పింది సుగుణమ్మే.

"ఇది నాకివ్వండి. అద్దం కట్టించి గోడకు పెట్టుకుంటాను," అందామె.

"అది అమ్మేది కాదమ్మా. దానికి మనిషి ఉండాది," అన్నాను.

అంతలో ఆ మనిషే వచ్చింది. చొక్కా తొడుక్కుని, చేతులు ముందుకు చాచి, పత్తి తీస్తున్నట్టు వేళ్లు ఆడించి చూసుకుంది.

"సరిపోయింది సునందక్కా. సంకల్లో బిగుతు ల్యాదు."

బెంగళూరామె ఉండబట్టలేకపోయింది. "ఇంత పనితనం ఉన్నదాన్ని చేనికి వేసుకుపోతావా? మళ్లీ చిరిగిపోతుంది కదా."

సుగుణమ్మ గుండీలు పెట్టుకుంటూ నెమ్మదిగా చెప్పింది.

"సినిగితే సినగనీలేమ్మా. ఆడ ఇంగో పువ్వు పూస్తాది."