జర చలి పోనీ

చీరల మీద తళుకు రాళ్లు అంటించిన గోందు ఆరడం లేదు. జనవరిలో సూరత్‌లో వాన పడడమే వింత అనుకుంటే, నాలుగు రోజులుగా తెరిపి లేదు. ఉన్న ఒక్క గదిలో దండెం నిండా పద్దెనిమిది చీరలు. వాటి కింద నుంచి వంగి వంగి పొయ్యి దగ్గరికి, వంగి వంగి అత్త మంచం దగ్గరికి తిరుగుతూనే జమునకు తెల్లవారింది. ఒక్క రాయి ఊడినా సేఠ్ చీర మొహాన కొడతాడు. “ఇంట్ల కూసోని గోందు పూసుడు గూడ ఒక పనేనా?” అంటాడు రఘుపతి. మిల్లులో సాంచెల మీద పన్నెండు గంటలు నిలబడి బట్ట నేసే మొగుడికి కూర్చుని చేసేదేదీ పనిలా కనబడదు. వంగి చేసేదాని సంగతి అతన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

అత్త సమ్మక్క కుడి చెయ్యి పడిపోయి అప్పటికి మూడు రోజులు. మొదటి రోజు పొద్దున చేతిలో గ్లాసు జారి, మూతి కొంచెం పక్కకు పోగానే జమున చెప్పింది, దవాఖానకు పోదామని. “ఈ ఊర్ల ఇసొంటి చలి ఎన్నడన్న జూసినమా? తిమ్మిరెక్కింది అంతే. నువ్వేమన్న డాక్టరువా?” అన్నాడు రఘుపతి. గల్లీలో అందరూ చలే అన్నారు. రెండు రోజులు ఆ చేతిని స్టవ్వు మంట దగ్గర పెట్టి కాచారు. కాచారంటే, కాచింది జమునే. మూడో రోజుకు మాట కూడా ముద్దగా మారాక అందరికీ భయం పుట్టింది. వానలో ఆటో ఎక్కించి స్కాన్ సెంటర్‌కు తీసుకొచ్చారు.

బల్ల మీద పడుకోబెడితే సమ్మక్క తల నిలపడం లేదు. మిషన్ను చూసి బెదిరి లేవబోతోంది. స్కాన్ తీసే గుజరాతీ ఆమెకు యాభై ఏళ్లుంటాయి. తల కదిలితే బొమ్మ రాదు, ఒకరు లోపలుండి పట్టుకోవాలి అంది హిందీలో. “ఇగో, ఇదుంటది,” అని రఘుపతి జమునను చూపించి, తన సాంచెల మీదికి బద్లీ మనిషి దొరికాడో లేదో కనుక్కోవడానికి ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్లిపోయాడు.

స్కాన్ ఆమె జమునకు తొడగడానికి బరువైన సీసపు ఆప్రాన్ అందుకోబోతూ ఆగి, గొంతు తగ్గించి అడిగింది. “కడుపుతో ఉన్నావా? ఉంటే ఈ గదిలో నిలబడకూడదు.”

రెండు నెలల పది రోజులు. జమున ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, మొగుడికి కూడా. ఊరంతా ఈ పాడు చలిని తిట్టుకుంటుంటే ఆమె ఒక్కతే కడుపు ఎవరి కంటా పడకుండా రఘుపతి పాత స్వెటరు మోకాళ్ల దాకా లాక్కుని, ఇంకొన్నాళ్లుంటే బాగుండు అనుకుంటోంది. మూడేళ్ల కింద, పెద్దబిడ్డ సంగీత తర్వాత రెండోసారి కడుపు నిలిచినప్పుడు, సంబరపడి ఆ రోజే చెప్పింది. చెప్పిన పాపానికి ఊరి బయట కామ్‌రేజ్ దాటాక ఎక్కడో ఒక కిరాయి గదికి తీసుకెళ్లారు. చేతిసంచిలో మిషను తెచ్చిన మనిషి కడుపు మీద అది తిప్పి, మళ్లీ ఆడపిల్లే అన్నాడు. రెండు రోజులకు అదే గదిలో బల్ల. జమున లేవబోయింది. సమ్మక్క తలాపున నిలబడి ఆమె రెండు మణికట్లూ బల్లకేసి నొక్కి పట్టింది. “కదలకు బిడ్డా, జర సేపే,” అంది. ప్రేమగానే అంది, అదే జమున మర్చిపోలేనిది. సంగీత పుట్టినప్పుడు పథ్యం వండి ముద్దలు కలిపి పెట్టిందీ ఆ చేతులే మరి. ఆ సాయంత్రం ఇంటికొచ్చి జమున పదహారు చీరలకు రాళ్లు అంటించింది. సేఠ్‌కు మాటిచ్చారట.

“ఉన్న,” అంది జమున. “మా ఆయనకు చెప్పొద్దు.”

స్కాన్ ఆమె జమున మొహం కేసి ఒక నిమిషం చూసింది. తలుపు తీసి, “కొడుకువు నువ్వే కదా, లోపలికి రా. ఈమె బలం చాలదు,” అని పిలిచింది.

“తినేటప్పుడైతే మంచి బలమే ఉంటది దీనికి,” అని గొణుగుతూ రఘుపతి ఆప్రాన్ తొడుక్కున్నాడు.

జమున అద్దం ఇవతల నిలబడింది. సమ్మక్క ఎడమ చెయ్యి గాలిలో వెతుక్కుంటోంది. “జమునా... జమునా...” ఈ మూడు రోజుల్లో ఆ నోట తేటగా పలుకుతున్న మాట అదొక్కటే. జమున కాలు దానంతటదే ఒక అడుగు ముందుకు పడింది. అంతలో మైకులోంచి రఘుపతి గొంతు వినబడింది. “కదలకే అవ్వా, జర సేపే.”

ఆ అడుగు వెనక్కి వచ్చేసింది. లోపల ముసలి ప్రాణం ఏడుస్తోంది. సంతోషపడడం తప్పని జమునకు తెలుసు. అయినా కడుపు చల్లబడింది.

గంట తర్వాత డాక్టరు బొమ్మ చూసి చెప్పాడు. మెదడులో రక్తం గడ్డ, రావడం ఆలస్యమైంది. మందులు వాడుతూ రోజూ రెండు పూటలా ఆ చేతికి మాలిష్ చేసి, వేళ్లు వంచి చాపి కసరత్తు చేయిస్తే మళ్లీ పట్టు రావచ్చు. వదిలేస్తే బిగుసుకుపోతుంది.

“ఇన్నవ్ గదా,” అన్నాడు రఘుపతి జమున వైపు తిరిగి. “ఇయ్యాల్టి నుంచే మొదలువెట్టు. అవ్వ చెయ్యి మంచిగ లేవాలె.”

చక్రాల కుర్చీలో కూర్చున్న సమ్మక్క తన ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తి, పక్కన బెంచీ మీదున్న జమున ఒళ్లో పెట్టింది. ఇక నీదే భారం అన్నట్టు చూసింది. జమున ఆ బొటనవేలి కేసి చూసింది. మూడేళ్ల కింద దాని గోరు దిగిన చోట, తన మణికట్టు మీద ఇంకా చిన్న మచ్చ ఉంది.

“చేస్త,” అంది. “జర చలి పోనీ.”

ఆ చేతిని జాగ్రత్తగా అత్త ఒళ్లో పెట్టేసి, పైన శాలువా కప్పి, తన స్వెటరు కిందికి లాక్కుంది. ఆటోవాడు దారంతా చెబుతూనే ఉన్నాడు, నాలుగు రోజుల్లో ఎండలొస్తాయని. జమున చలి మాత్రం ఇంకా ఏడు నెలలు ఉంటుంది.