జగన్మోహన్ సారు చూసిపోయిన బండ్లు

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి రేడియోలో బండ్ల రిపేర్లు చెప్పే 'బండి ముచ్చట' మొదలైంది కానీ జగన్మోహన్ సారు గొంతు రాలేదు. ఎవరో అమ్మాయి మాట్లాడింది. సారు మంగళవారం కేసముద్రంలో తన ఇంట్లోనే కన్నుమూశారనీ, శుక్రవారం దినాలనీ చెప్పింది. పాలకుర్తి సెంటర్‌లో ప్యాసింజర్ల కోసం చూస్తున్న స్వరూప తన వ్యాను ఇంజన్ ఆపేసింది.

ఆయన్ని ఆమె ఎన్నడూ చూడలేదు. ఆయన గొంతు మాత్రం నాలుగేళ్లుగా తెలుసు.

భర్త హరీశ్ నడుము దెబ్బతిని మంచాన పడ్డాక, పాలకుర్తి నుంచి జనగామకు వ్యాను నడపడం స్వరూప మొదలుపెట్టింది. నడపడం నెలలో వచ్చింది. బండి మొరాయిస్తేనే పరేషాన్. మెకానిక్కులు "నీకు చెప్పినా తెల్వదక్కా" అని నవ్వేవాళ్లు. ఒక వానాకాలం ఆదివారం బండి ఎంతకీ స్టార్టు కాలేదు. ఇంజన్ మొత్తం విప్పాలన్నాడు ఒకతను. స్వరూప 'బండి ముచ్చట'కు ఫోన్ చేసింది.

"ఏం విప్పద్దు తల్లీ," అన్నాడు సారు. "తాళంచెవి తీసి చేతుల పట్టుకో. ముందటి సీటు లేపు. ఏం కనవడుతున్నది?"

"నల్ల వైర్లు సారూ. నాలుగున్నయి."

"అవన్ని ఎక్కడ కలుస్తున్నయి?"

"ఒక డొప్పల. మూతలెక్క ఉన్నది."

"ఒక వైరుల పాలొస్తయి, మూడిట్ల పోతయి. గది మూడిండ్లకు పాలు పోసే మనిషి అనుకో. వానకు తడిసి ముద్దయి కూసున్నది, ఏ ఇంటికీ పోతలేదు. రెండు క్లిప్పులు ఇడిపించి డొప్ప తియ్యి. లోపట పొడిబట్టతోని మంచిగ తుడువు. తొందర లేదు, మేమందరం ఇక్కడ్నే ఉంటం."

రేడియో వింటున్న మూడు జిల్లాలూ ఆమె డొప్ప తుడిచేదాకా ఆగాయి. మళ్లీ బిగించి తాళం తిప్పగానే బండి అందుకుంది. ఆ చప్పుడు ఫోన్‌లో విని సారు గట్టిగా నవ్వాడు.

"బాగుచేసిందెవరు?"

"నేనే సారూ."

"మరింక నీకు తెల్వదని ఎవరన్నరు? నువ్వే మెకానిక్‌వి."

ఆ రోజు నుంచి స్వరూప ఒక్క ఆదివారం కూడా తప్పలేదు. రేడియేటర్ అంటే ఎసరు గిన్నె అనీ, ఉడుకు మీద మూత తీస్తే చెయ్యి కాలుతుందనీ, ఇంజన్ ఆయిల్ తగ్గడమంటే ఒంట్లో రక్తం తగ్గడమనీ ఆయన చెప్పినవన్నీ ఆమెకు నోటికి వచ్చాయి.

శుక్రవారం కేసముద్రం వెళ్లేసరికి సారు ఇంటి ముందు సందు నిండిపోయి ఉంది. మార్కెట్ యార్డు దాకా ట్రాక్టర్లు, ఆటోలు, పాత జీపులు వరసకట్టాయి. అందరూ స్వరూపలాగానే గొంతు ఒక్కటే ఎరిగినవాళ్లు. పూలదండ వేసిన ఫోటో ముందు వంగి దండం పెట్టబోయి ఆమె ఆగిపోయింది.

సన్నటి ముఖం. ఎడమ కనుబొమ్మ మీద కాలిన మచ్చ.

ఆ ముఖం ఆమెకు తెలుసు. వాన పడ్డ ఆ ఆదివారం తర్వాత మూడో నాడో నాలుగో నాడో, పాలకుర్తిలో ఒక పెద్దమనిషి వ్యాను ఎక్కాడు. వెనక సీట్లు ఖాళీగా ఉన్నా ముందు సీట్లోనే కూర్చున్నాడు. "కింద ఇంజనుంటది పెద్దయ్యా, వేడి తగులుతది" అన్నా చేత్తో పరవాలేదని సైగ చేశాడు. జనగామ దాకా కళ్లు మూసుకునే ఉన్నాడు. ఒక్క మాట మాట్లాడలేదు. మూగవాడేమో పాపం అనుకుని, దిగేటప్పుడు ఆమే చెయ్యి పట్టి దింపింది.

"అమ్మా," అంది స్వరూప, ఫోటో పక్కన కూర్చున్న సారు భార్య సుశీలతో. "సారు నా బండి ఎక్కిండు."

సుశీల ఆశ్చర్యపోలేదు. "ఎక్కే ఉంటడు బిడ్డా. కండ్లతోని చూడకుంట చెప్తి, తప్పు చెప్పిన్నో ఏమో, ఆ బండిల మనుషులు కూసుంటరు అని నిద్రపోకపోయేది. బస్సెక్కి పోయి చూసొచ్చేది. మాట్లాడితే గొంతు గుర్తువడతరని మాట్లాడకపోయేది."

వెనక నుంచి ఒక ముసలి రైతు ముందుకు వచ్చాడు. కట్టయ్యట, భూపాలపల్లి దగ్గర ఊరు. "ట్రాక్టర్ గురించి నేను ఫోన్ చేసినంక మా పొలం కాడికి వచ్చి సైగ జేసి మంచినీళ్లడిగిండు. నేను ట్రాక్టర్ దున్నుతుంటే గెట్టు మీద గంట సేపు కూసున్నడు. ఎవరో బాటసారి అనుకున్న." అతను తువాలుతో ముఖం కప్పుకున్నాడు.

తర్వాత ఒకరి వెనక ఒకరు ఫోటో దగ్గరికి వచ్చి పరీక్షగా చూడసాగారు. కొందరు ఎన్నడూ చూడలేదన్నట్టు తల అడ్డంగా ఊపారు. చాలామంది ఊపలేదు. అరవై ఎనిమిదేళ్లు, అరిగిన మోకాళ్లు, ఎన్ని బస్సులు ఎక్కి ఉంటాడు! స్వరూప మళ్లీ ఫోటో వైపు చూసింది. తన నాలుగు వైర్ల కోసం ఒక మనిషి ఇంత దూరం వచ్చిపోయాడు, వచ్చినట్టు కూడా తెలియనివ్వలేదు.

"చూడాలనుకుని చూడనిది ఏమన్న ఉన్నదా అమ్మా?" అని అడిగింది.

"ఒకటుండె. కాటారం పౌలు. ఆటో బ్రేకు పెడలు లోపటికి పోతున్నదని ఆఖరి ఆదివారం ఫోన్ చేసిండు. బుధవారం పోతనన్నడు. మంగళవారమే పాయె."

ఆ కాల్ స్వరూపకు గుర్తుంది. బ్రేక్ ఆయిల్ పోసి చూడు, మళ్లీ తగ్గితే ఎక్కడో కారుతున్నట్టు, బండి కదపొద్దు, వెనక చక్రాల లోపలివైపు చూపించుకో అన్నాడు సారు.

మర్నాడు ఆమె వ్యాను ఇంటి దగ్గర పెట్టి బస్సెక్కింది. భూపాలపల్లిలో మారి కాటారం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అడిగితే పౌలు ఆటో చూపించారు. అప్పటికే ఏడుగురు ఆడవాళ్లు ఎక్కి కూర్చున్నారు.

"తమ్మీ, రేడియో సారుకు ఫోన్ చేసింది నువ్వే కద? ఒక్కపారి బ్రేకు తొక్కు," అంది.

పౌలు వింతగా చూసి తొక్కాడు. పెడలు కింది దాకా పోయింది.

"సారు చెప్పినట్టే ఆయిల్ పోసినక్కా. తగ్గితే మళ్ల పోసుకుంటున్న. దినాం పొద్దున పోస్తున్న."

"కదపద్దని గూడ చెప్పిండు కద?"

స్వరూప నేల మీద కూర్చుని వెనక చక్రం లోపలివైపు వేళ్లు పెట్టింది. తీస్తే వేళ్లు తడిగా మెరిశాయి. ఆ వేళ్లను పౌలుకు చూపించింది, తర్వాత ఆటోలోని ఆడవాళ్లకు. వాళ్లు ఒక్కొక్కరే దిగిపోయారు.

మెకానిక్ వచ్చి చక్రం విప్పి, అరిగిన రబ్బర్లు మార్చి, బ్రేకు గొట్టాల్లో గాలి తీసేదాకా ఆమె అక్కడే ఉంది. ఆఖరికి తనే ఎక్కి తొక్కి చూసింది. పెడలు సగంలోనే గట్టిగా నిలబడింది.

తిరుగు బస్సు కోసం చూస్తూ సుశీలకు ఫోన్ చేసింది. "అమ్మా, నేను స్వరూపను. కాటారంల ఉన్న. పౌలు ఆటో చూసిన. సారు చెప్పిందే. చక్రం కాడనే కారుతున్నది. బాగైంది ఇప్పుడు."

అవతల సుశీల ఫోన్ పక్కకు తీసి, పక్క గదిలోని మనిషితో మాట్లాడినట్టు గట్టిగా అనడం వినిపించింది.

"ఇన్నరా? మీరు చెప్పింది కరెక్టేనట."