యూనియన్ అనే సవతి

నా సవతి పేరు యూనియన్. ఉండేది జర్మనీలో, బెర్లిన్ పట్నంలో, అదీ తూర్పు వైపున. మనిషి కాదు, ఫుట్‌బాల్ టీము. మనిషైతే జుట్టు పట్టుకొని అడిగేదాన్ని. టీమును ఎక్కడ పట్టుకోవాలి?

మాది కోడుమూరు. మా ఆయన మగ్గం నేస్తాడు. ఆయన పేరు నేను చెప్పను, మా ఇళ్ళలో ఆ అలవాటు లేదు. కాసేపట్లో షబ్బీర్ వస్తాడు, అతని నోట వినండి. మొగుళ్ళు కూడా పెళ్ళాన్ని పేరు పెట్టి పిలవరు. "ఏమే", "ఇదో", "యాడుండావు", అంతే. పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునే దాకా ఈ మూడింటికే నేను పలకాలి.

మేం నేసేది కుప్పడం చీర. నడుమ నూలు, అంచు పట్టు. ప్రతి వరసలోనూ నూలు దారాన్ని అంచు దారంతో మెలేసి కలపాలి గనక ఒక్కరితో అయ్యే పని కాదు. మగ్గం గుంటలో కాళ్ళు దించి ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఎడమ పక్క మా ఆయన నడిమి నాడె, అంటే దారం చుట్టిన కండె ఉండే కొయ్య, విసురుతాడు. కుడి పక్కన ఉన్నవాళ్ళు దాన్ని అందుకొని, అంచు నాడెతో మెలిక వేసి, తిరిగి పంపాలి. చెయ్యి ఒక్క క్షణం వెనకబడినా మెలిక తప్పి అంచు నోరు తెరుస్తుంది. అందుకని విసిరేటప్పుడు ఒక మాట అంటారు. ఒక్కో మగ్గానికి ఒక్కో మాట. మా వీధిలో కొందరు "ఊఁ" అంటారు, కొందరు "శివా" అంటారు.

పెళ్ళయిన కొత్తలో ఆ కుడి పక్క నాది. నాడె విసురుతూ మా ఆయన అనే మాట "పార్వతీ". నా పేరు శివపార్వతి. అత్త అరుగు మీద కూర్చొని వింటూనే ఉండేది, పనిలో మాట కదా, ఏమీ అనలేకపోయేది. బయట పేరెత్తడానికి సిగ్గుపడే మనిషి, గుంటలో దిగితే చాలు, చీర పొడుగునా నన్నే పిలిచేవాడు. నేను నవ్వు ఆపుకుంటూ అంచు నేసేదాన్ని. అంత సుఖం మళ్ళీ ఎరగను.

మా కూతురు చౌడేశ్వరి కడుపున పడ్డాక గుంటలో కూర్చోవడం నావల్ల కాలేదు. అప్పుడు వచ్చాడు షబ్బీర్, వెనక వీధి వాడు, చెయ్యి చురుకు. కాన్పయ్యే దాకా అనుకున్నాం. కాన్పయింది, పిల్ల నడిచింది, బడికి పోయింది, ఇప్పుడు కర్నూలు కాలేజీలో చదువుతోంది. షబ్బీర్ మాత్రం లేవలేదు. లెయ్యమని మా ఆయనా అనలేదు. నన్ను రాట్నం దగ్గర కండెలు చుట్టడానికి కూర్చోబెట్టారు.

షబ్బీర్ చదువుకునే రోజుల్లో కర్నూలులో బంతి ఆడినవాడు. ఫోన్ చేతికొచ్చాక అతనికి జర్మనీ లీగు పిచ్చి పట్టుకుంది, అది మా ఆయనకు అంటించాడు. శనివారం పొద్దు వాలితే మగ్గం ఆపి, ఒక్క ఫోన్ ముందు రెండు తలలు. నేను టీ ఇస్తే చెయ్యి చాపుతారు గానీ చూపు తిప్పరు.

రాట్నం తిప్పుతూ నేనూ వినేదాన్ని, చెవులు మూసుకోలేం కదా. జర్మనీ ఒకప్పుడు రెండు దేశాలంట. బెర్లిన్ నడిమధ్యన గోడ. తూర్పు వాళ్ళకు ఒక లీగు, పడమటి వాళ్ళకు ఒక లీగు. గోడ పడగొట్టి దేశం ఒకటయ్యాక లీగులూ కలిపారు. కలిపారంటే, తూర్పు టీముల్లో రెండింటికే పైన పీట వేశారు. మిగిలినవన్నీ కింది మెట్ల మీద కూర్చున్నాయి. యూనియన్ అట్లా కింద పడిందే. పైకి రావడానికి ముప్ఫై ఏళ్ళ దాకా పట్టింది.

"చూసినావా బసవన్నా, ఎంత ఓపికో!" అన్నాడు షబ్బీర్ ఒకసారి.

"అదేమన్నా మామూలు టీమా అప్పా? కార్మిక సంఘం టీము. యూనియన్ అంటే యూనియనే!" అన్నాడు మా ఆయన.

ఇదీ అసలు సంగతి. మా ఆయన వయసులో ఉన్నప్పుడు చేనేత కార్మికుల యూనియన్‌లో జెండా పట్టుకొని తిరిగాడు. ఆ పేరు వినగానే, అక్కడి మగ్గాల వాళ్ళో మిల్లుల వాళ్ళో పెట్టుకున్న టీమని తీర్మానించేసుకున్నాడు. స్టేడియం పాతబడితే అభిమానులే ఇసుక మోసి, సిమెంటు కలిపి కట్టుకున్నారని విన్నాక ఇక పట్టపగ్గాలు లేవు. నాడె విసిరేటప్పుడు అనే మాట కూడా మారిపోయింది. "యూనియన్!" అంటాడు ఈయన. "ఆఁ!" అంటాడు షబ్బీర్. నా పేరుండిన చోట అది వచ్చి కూర్చుంది.

కుళ్ళుకున్నాను. దాచుకోవడం దేనికి? గోడ పడ్డాక కింది లీగులోకి పోయిన టీములకు ఎట్లా ఉండిందో నాకు తెలుసు. నేనూ కింది లీగులోనే ఉన్నాను, రాట్నం లీగులో. ఆ యూనియన్ అన్నా మెట్టు మెట్టు ఎక్కి పైకి వచ్చింది. నాకు ఎక్కే మెట్టు లేదు.

మొన్న చలికాలంలో షబ్బీర్ చెల్లెలు గౌసియా మొగుడు బైకు మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. వాళ్ళది కమలాపురం. ఉల్లిగడ్డ పీకే వేళ, ఇంట్లో మగదిక్కు లేదు. షబ్బీర్ సంచీ సర్దుకొని వచ్చాడు.

"వదినా, పంట ఇల్లు చేరేదాంక వాళ్ళకాడ ఉండి వస్తా. మగ్గం మీద పెండ్లి చీర ఉండాది, ఆపేదానికి లేదు. నువ్వు కూచో."

"కూచుంటాలేప్పా, నాకేమి కొత్తా?" అన్నాను. లోపల మాత్రం టపాకాయలు పేలాయి.

మర్నాడు తలకు పోసుకొని, పూలు పెట్టుకొని గుంటలో దిగాను. మా ఆయన నన్ను చూసి, "పనికి వస్తాండావా, తిరనాళ్ళకు పోతాండావా?" అన్నాడు. అననీ. కుడి పక్క కూర్చొని అంచు నాడె చేతిలోకి తీసుకున్నాను. చెయ్యి మరచిపోలేదు. చెవి కూడా మరచిపోలేదు, ఆ మాట కోసం నిక్కి కూర్చుంది.

ఆయన నాడె విసిరాడు. "యూనియన్!"

నా చెయ్యి కదల్లేదు. నాడె వచ్చి నా వేళ్ళకు తగిలి ఆగింది.

"ఏమే, నిద్ర పోతాండావా?"

"ఎవుర్ని పిల్చినావు?"

"నిన్నే కదా, ఈడ ఇంకెవురు ఉండారు?"

"నా పేరు అది కాదు."

ఆయనకు అర్థమయింది. నాకు తెలుసు, అర్థమయింది. కానీ జుట్టు నెరిసిన మొగుడు, పక్కింటి గోడ అంత దగ్గర, రోడ్డు మీద పోయే జనం. "ఈ వయసులో అదేం మాట" అన్నట్టు తల పక్కకు తిప్పి, మళ్ళీ అదే మాట అన్నాడు. పెళ్ళి చీర కదా, ఎవరి కూతురో కట్టుకుంటుంది. పళ్ళు బిగించి మెలిక వేశాను. ఆ రోజంతా సవతి పేరుకు పలికాను.

శనివారం కమలాపురం నుంచి షబ్బీర్ ఫోన్ చేశాడు. మా ఆయన అద్దకం వాళ్ళ దగ్గరికి దారం కోసం పోయాడు, ఫోన్ నేనెత్తాను.

"వదినా, మ్యాచ్ మొదలైతాది, అన్నను చూడమని చెప్పు."

"చెప్తా గానీ షబ్బీర్, నాకొకటి చెప్పు. ఆ యూనియన్ నిజంగా కార్మిక సంఘమేనా?"

"సంఘం కాదు వదినా. పాతకాలం నుంచి వస్తాండే క్లబ్బు పేరు, అంతే. అన్న మురిసిపోతాంటే చెప్పబుద్ధి కాల్యా. నువ్వు చెప్పొద్దు, శానా నొచ్చుకుంటాడు."

చెప్పొద్దని నాతోనా అనడం! మా ఆయన ఇంట్లోకి వచ్చి చెప్పులు విడిచే లోపే చెప్పేశాను.

ఆయన కేకలు వేయలేదు. దారం సంచీ కింద పెట్టి, "వానికి తెల్సా?" అన్నాడు.

"మొదట్నుంచీ తెల్సు."

ఆ సాయంత్రం మ్యాచ్ చూడలేదు. నేను గెలిచాననుకున్నాను. ఇక ఆ మాట చచ్చింది, నా పేరు తప్ప వేరే దారి లేదనుకున్నాను. మర్నాడు గుంటలో దిగాక ఆయన ఏ మాటా అనలేదు. మూగగా విసురుతాడు, నేను తడబడతాను, మెలిక తప్పుతుంది, విప్పుతాం, మళ్ళీ వేస్తాం. ఇంట్లో కూడా "ఏమే" అనడం మానేశాడు. కంచం ముందు కూర్చుంటే అన్నం పెట్టాలని నేనే తెలుసుకోవాలి. ఉన్న మూడు పిలుపులూ పోయాయి నాకు.

అట్లా ఎన్నాళ్ళో నడిచింది. ఒక పొద్దున అంచులో జరీ పువ్వు వచ్చే చోట పోగు తెగింది. నేను వంగి ముడి వేస్తున్నాను. ఆయన చూడకుండా నాడె ఎత్తి విసరబోయి, నా వేళ్ళు అడ్డం ఉన్నాయని కనబడి గట్టిగా "పార్వతీ!" అన్నాడు.

చెయ్యి తీశాను. నాడె వచ్చింది. అందుకున్నాను, మెలిక వేసి పంపాను. ఆయన ఆగలేదు. "పార్వతీ" అని మళ్ళీ విసిరాడు. నోటికి పాత దారి దొరికింది. పల్లూ దాకా అదే మాట. నేను కండ్ల నీళ్ళు అంచు మీద పడకుండా ముఖం ఎత్తి పెట్టుకొని నేశాను. చీర మగ్గం దిగేటప్పటికి అంచులో ఎక్కడా ఒక్క నోరు లేదు.

ఉల్లిగడ్డ ఇల్లు చేరింది. షబ్బీర్ ఒక మూట ఉల్లిగడ్డలు మోసుకొని నవ్వుకుంటూ వచ్చాడు. మా ఆయన నవ్వలేదు.

"ఏమప్పా షబ్బీరా, యూనియన్ అంటే సంఘం కాదంట?"

షబ్బీర్ నా వైపు ఒక చూపు చూశాడు. నేను రాట్నం వైపు చూశాను.

"పేరు సంఘంది కాదన్నా. అబద్ధమెందుకు, నాకు తెల్సు. కానీ ఆ టీమును మోసినోళ్ళు ఎవురు? ఇనుప ఫ్యాక్టరీల్లో పనిచేసినోళ్ళు. స్టేడియం చేతులతో కట్టుకొన్నోళ్ళు. సంఘం అంటే ఇంకేముంటాది?"

మా ఆయన మీసం కదిలింది. "అదీ నిజమే" అన్నాడు. అయిపోయింది! నా మీద అలిగితే రోజుల తరబడి మూగనోము, వాడి మీద అయితే రెండు మాటలకు తీరిపోయింది.

మగ్గం మీద కొత్త చీరకు పడుగు దారాలు ఎక్కించి ఉన్నాయి. షబ్బీర్ తన సొంత ఇల్లన్నట్టు కుడి పక్కన దిగి కూర్చున్నాడు. నేను రాట్నం ముందు కూర్చున్నాను. మళ్ళీ కింది లీగు.

మా ఆయన నాడె విసిరాడు. "పార్వతీ!"

షబ్బీర్ నాడె పట్టుకొని బిత్తరపోయాడు. "అన్నా, నేను షబ్బీర్ని."

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నాకు ఒళ్ళంతా పూలు పూసినట్టయింది, అదీ కాసేపే. షబ్బీర్‌కు వేళాకోళం ఎక్కువ. "పర్వాలేదులేన్నా, అట్లనే పిలువు, పలుకుతా" అని, గొంతు సన్నం చేసి, "ఆఁ..." అని దీర్ఘం తీస్తూ మెలిక వేసి పంపాడు. మా ఆయన నవ్వాపుకోలేక, మళ్ళీ "పార్వతీ" అని విసిరాడు. మళ్ళీ "ఆఁ...".

ఎన్నేళ్ళు ఎదురుచూశాను ఆ మాట కోసం! వీడు వచ్చీ రాగానే దాన్నీ జేబులో వేసుకుంటాడా? రాట్నం పక్కకు తోసి లేచాను.

"షబ్బీర్, లెయ్యి."

"యాడికి వదినా?"

"నీ పేరు యూనియన్. ఆ పేరుతో పిల్చినప్పుడు వచ్చి కూచో. ఈ పేరు నాది."

షబ్బీర్ నా ముఖం చూసి నవ్వు ఆపాడు. గుంటలో నుంచి లేచి, రాట్నం దగ్గర కూర్చొని ఖాళీ కండె చేతిలోకి తీసుకున్నాడు. "శనివారం మ్యాచ్..." అని నసిగాడు మా ఆయన. "చూసుకోండి, నేనూ చూస్తా, ఎవురొద్దన్నారు?" అన్నాను, గుంటలోకి దిగుతూ.

అంచు నాడె పట్టుకొని కూర్చున్నాను. మా ఆయన నడిమి నాడె చేతిలో పెట్టుకొని కదలడు. షబ్బీర్ ఎదురుగా ఉన్నాడని సిగ్గు. దగ్గాడు. మగ్గం పలక సర్దాడు. షబ్బీర్ వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేను ముందుకు చూస్తూ కూర్చున్నాను.

"పార్వతీ" అన్నాడు, నేలను చూస్తూ.

నాడె వచ్చి నా వేళ్ళ దగ్గర ఆగింది. నేను వెంటనే పలకలేదు. ఇంకొకసారి పిలవనీ అని ఊరుకున్నాను.