కెటిల్ మరిగితే క్షేమమే

తెర మీద డోరీన్ క్రాబ్‌ట్రీ పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతోంది.

"చూశారా కౌన్సిలర్ గారూ!" తెర ముందు కూర్చునే కౌన్సిల్ ఉద్యోగి క్రెయిగ్ కుర్చీలో గిర్రున తిరిగాడు. "మన పథకం పోస్టర్ మీద వెయ్యాల్సిన ముసలమ్మ ఈవిడే. ఇదివరకు రోజుకి రెండుసార్లు కెటిల్ పెట్టేది. ఈ వారం పది పన్నెండుసార్లు! ఇల్లంతా చుట్టాలే అయ్యుండాలి. ఒంటరితనం ఎగిరిపోయింది!"

హిలరీ సగ్డెన్ నవ్వబోయి ఆగిపోయింది.

వృద్ధుల సంరక్షణను సంస్కరించమని ప్రభుత్వం ఇచ్చిన నిధులతో హార్ల్‌డెన్ కౌన్సిల్ కొని, ఒంటరి ముసలివాళ్ళ కెటిళ్ళకి తగిలించిన పెట్టెలవి; కెటిల్ మరిగినప్పుడల్లా ఈ తెరకి కబురు పంపుతాయి. పొద్దున్నే కెటిల్ మరిగిందంటే పచ్చచుక్క, మనిషి క్షేమం. టీ తాగకుండా ఈ ఊళ్ళో ఎవరికి తెల్లవారుతుంది? అందుకని ఇంటికెళ్ళి చూసొచ్చే సహాయకులను మాన్పించేశారు. తీర్మానం పెట్టింది హిలరీయే. డోరీన్ చెయ్యి పట్టుకుని, "భయమెందుకు, ఆ పెట్టె నిన్ను చూస్తూనే ఉంటుంది" అని ఒప్పించిందీ ఆమే.

కానీ డోరీన్‌కి చుట్టాలెవరూ లేరు. పక్కింటివాళ్ళనైనా గడప దాటనిచ్చే మనిషి కాదు.

"ఎవరైనా వెళ్ళి చూశారా?"

"పచ్చగా ఉంటే ఎందుకెళ్తామండీ? వెళ్ళకుండా ఉండటానికేగా కొన్నది!"

"పోలీసుల్ని పంపు."

"పచ్చచుక్కకి పోలీసులా? నవ్విపోతారండీ!"

హిలరీ అప్పటికే కారు తాళాలు అందుకుంది.

డోరీన్ ఇంటి తలుపు తీసినవాడికి పాతికేళ్ళుండవు. మెడ నిండా పచ్చబొట్లు. లోపల్నుంచి పొగ, మగగొంతులు.

"బామ్మ పడుకుంది. నేను మనవణ్ణి."

డోరీన్‌కి పిల్లలే లేరు. అయినా హిలరీ ముఖం మీది నవ్వు చెదరనివ్వలేదు.

"పడుకోనీ బాబూ. నేను కౌన్సిల్ నుంచి వచ్చా. కెటిల్ దగ్గర మా పెట్టె ఉంటుంది. అది పాడైతే పోలీసులు వాళ్ళంతట వాళ్ళే దిగిపోతారు. ఒక్కసారి చూసి పోతా."

అది పచ్చి అబద్ధం. అయినా వాడు పక్కకి జరిగాడు.

వంటింట్లో సింకు నిండా ఎంగిలి కప్పులు. బల్ల మీద చిన్న త్రాసు, తెల్లటి మత్తుపొడి పొట్లాలు. కెటిల్ ఇంకా వేడిగానే ఉంది. హిలరీ చూపు ఎదురుగా ఉన్న చిన్నగది మీద పడింది. తలుపుకి బయటివైపు కొత్త గొళ్ళెం. పక్కనే గోడకి ఆనించి డోరీన్ పట్టుకుని నడిచే ఫ్రేమ్. అది లేకుండా ఆమె అడుగు తీసి అడుగు వెయ్యలేదు.

అది బయటుంది.

హిలరీ కెటిల్ ప్లగ్గు లాగేసింది.

"అయ్యయ్యో, ఊడిపోయిందే! ఇంక వాళ్ళు బయల్దేరినట్టే."

"ఏం చేశావే ముసలిదానా!"

"నన్ను తిడుతూ కూర్చుంటావో, సామాను సర్దుకుంటావో నీ ఇష్టం నాయనా."

వాళ్ళు బూతులు తిట్టుకుంటూ పొట్లాలు జేబుల్లో కుక్కుకున్నారు. పెరటి తలుపు దభాలున మూసుకుంది. హిలరీ గొళ్ళెం లాగింది.

నేల మీద, ఖాళీ నీళ్ళసీసా పక్కన, కోటు కప్పుకుని, డోరీన్. పెదాలు బీటలు వారాయి. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి.

"ఎవరూ... హిలరీవా తల్లీ? ఆ పెట్టెకి చెప్పానమ్మా. రోజూ అరిచి చెప్పా. చూస్తూ ఉంటుందన్నావుగా."

హిలరీ ఆమె పక్కన నేల మీద కూర్చుని చెయ్యి పట్టుకుంది. అంబులెన్స్‌కి ఫోన్ చేస్తుంటే తన గొంతు తనకే పరాయిదిలా వినిపించింది.

"వస్తున్నారు డోరీన్. నీకేం కావాలి?"

"టీ. వారమంతా అది మరుగుతున్న చప్పుడే వింటున్నా. నాకెవరూ ఒక్క చుక్క ఇవ్వలేదు."

హిలరీ కెటిల్ నింపి ప్లగ్గు పెట్టింది. నీళ్ళు బుసబుసమన్నాయి. జేబులో ఫోన్ మోగింది. క్రెయిగ్ సందేశం.

"మళ్ళీ మరిగింది! ఆవిడ క్షేమమేనని నేను చెప్పలేదూ?"