మాస్టారు వేసిన ఐదు

మా మాస్టారు జీతం దగ్గర, సెలవుల దగ్గర, టీ దగ్గర ధారాళమైన మనిషి. మార్కుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎంగిలి చేత్తో కాకిని తోలరు. మా బైండింగ్ షాపులో ఎవరు ఏ పుస్తకం పూర్తిచేసినా అది కిటికీ పక్కనున్న ఆయన బల్ల మీదికి వెళ్ళాలి. ఆయన దాన్ని తెరుస్తారు, మూస్తారు, వెన్ను మీద బొటనవేలు రాస్తారు, అట్ట పట్టుకుని మెల్లగా లాగి చూస్తారు. ఆ తర్వాత చిన్న కాగితం ముక్క మీద పదికి ఎంతో వేసి పుస్తకంలో పెడతారు. ఆరు వస్తే పుస్తకం గుమ్మం దాటుతుంది. ఐదు వస్తే దారాలు తెంపి, విప్పి, మళ్ళీ మొదటినుంచి కుట్టాలి. ఏడు వస్తే ఆయన కళ్ళజోడు మీదుగా ఒకసారి మన వంక చూస్తారు.

నాకు పద్దెనిమిదేళ్ళలో మూడుసార్లు ఏడు వచ్చింది. ఏ పుస్తకాలకో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మిషన్ మీద కాగితం కోసే కటింగ్ బాబాయ్‌కి ఒక్కసారే వచ్చింది, ఆ తారీఖు ఆయనకి తన పెళ్ళిరోజు కన్నా బాగా గుర్తు. ఎనిమిది ఎవరికీ రాలేదు. "పదికి పది వేస్తే రేపు పనిలోకి ఎందుకొస్తారమ్మా?" అని మాస్టారి వాదన.

ఇలాంటి మనిషి చేతిలో మా చిట్టి ఫారం పడింది.

చిట్టి మా అక్క కూతురు. పేరుకే చిట్టి, గుమ్మంలో తల వంచి రావాలి. యూనివర్సిటీలో లైబ్రరీ చదువు చదువుతోంది. మూడేళ్ళ కిందట, "పొద్దస్తమానం పుస్తకాల్లో తల దూర్చి కూచుంటోందే, దీన్ని ఏం చెయ్యను?" అని అక్క మొత్తుకుంటే, "తల దూర్చడమెందుకు, చెయ్యి దూర్చమను" అని మధ్యాహ్నాలు షాపుకి తీసుకొచ్చాను. సూదిలో దారం ఎక్కించడం దగ్గర్నుంచి నేనే నేర్పాను. ఏడాది తిరిగేసరికి నా కుట్టులో వంకలు పట్టడం మొదలుపెట్టింది.

ఇక షాపులో ఎవరూ నోరెత్తని సంగతి ఒకటుంది. పుస్తకం వెన్ను మీద పేరు వేయడం మాస్టారి పని. ఇత్తడి అక్షరాలు ఒక్కొక్కటే పొయ్యి మీద వేడిచేసి, బంగారు రేకు మీద ఒత్తాలి. స్కేలు లేదు, గీత లేదు, కన్నూ చెయ్యే. యూనివర్సిటీ లైబ్రరీ వాళ్ళు ఆ అక్షరాల కోసమే తమ పాత పుస్తకాలన్నీ మా దగ్గరికి పంపుతారు. రెండేళ్ళ కిందట ఒక పుస్తకం మీద చివరి రెండు అక్షరాలు మెట్లెక్కినట్టు పైకి పోయాయి. మాస్టారు దాన్ని ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. మర్నాడు, రోజూ పక్కన నిలబడి ఆ పని చూసే చిట్టిని పిలిచి, "ఇది నువ్వు వెయ్యి, నాకు వేరే పనుంది" అన్నారు. ఆనాటి నుంచి ఆయనకి రోజూ వేరే పనే. లైబ్రరీ ఆయన పుస్తకాలు తీసుకుపోవడానికి వచ్చి, "మీ చేతికి తిరుగులేదు మాస్టారూ" అన్నప్పుడల్లా ఆయనకి దగ్గొస్తుంది. చిట్టికి సరిగ్గా అప్పుడే బల్ల కింద ఏదో పడిపోతుంది, వెతుక్కుంటుంది.

ఈ మధ్య దాని యూనివర్సిటీలో ఎక్స్ఛేంజ్ ప్రోగ్రామ్ ప్రకటించారు. ఐదు నెలలు విదేశంలో ఒక యూనివర్సిటీలో ఉండి, వందల ఏళ్ళనాటి పుస్తకాలు బాగుచేయడం నేర్చుకోవచ్చు. ఉన్నది ఒకే ఒక్క సీటు. ఆ ప్రకటన కాగితం చిట్టి ఎన్నిసార్లు మడిచి విప్పిందో, మడతల దగ్గర చిరిగితే నా జిగురుతోనే అతికించుకుంది. అన్నం తింటూ అదే మాట, కుడుతూ అదే మాట. దరఖాస్తుతో పాటు తను చేసిన పని ఫోటోలు పెట్టమన్నారు. ఇది చూస్తే ఒక మామూలు నోటుపుస్తకం ఫోటో పెట్టింది.

"లైబ్రరీ పుస్తకాల మీద అక్షరాలు పెట్టవే, కళ్ళు తిరిగి పడతారు" అన్నాను.

"అవి మాస్టారివి పిన్నీ" అంది, తలెత్తకుండా.

పని నేర్పినవాళ్ళు కూడా ఒక ఫారం నింపాలట. నేనున్నానుగా అని కొంగు దులుపుకుని కూర్చున్నాను. బంధువులు పనికిరారట! నేర్పడానికి పనికొచ్చిన పిన్ని సంతకానికి పనికిరాకుండా పోయింది. ఫారం మాస్టారికి ఇచ్చాం. ఆయన దాన్ని ఇంటికి పట్టుకెళ్ళి నాలుగు రోజులు ఉంచుకుని, కవర్లో పెట్టి, బైండింగ్ జిగురుతో అంటించి పంపారు.

పది రోజుల తర్వాత, మంగళవారం మధ్యాహ్నం, యూనివర్సిటీ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఫారం నకలు కూడా జతచేశారు. చిట్టి పైకి చదివింది. శ్రద్ధ, ఏడు. నిజాయితీ, ఏడు. నేర్చుకునే గుణం, ఏడు. చేతిపని, ఎనిమిది.

కటింగ్ బాబాయ్ మిషన్ ఆపేశాడు. ఎనిమిది! నాకు ఒక్క క్షణం ఒళ్ళు మండిందని ఒప్పుకుంటున్నాను. నేర్పింది నేను, ఎనిమిది దానికి. ఆ మంట ఆరకముందే చిట్టి చివరి వరస చదివింది. కొత్త చోట ఒంటరిగా నెగ్గుకురాగలదా? ఐదు.

కింద ఆఫీసువాళ్ళు రాసింది ఇదీ: ఏ ప్రశ్నకైనా ఆరుకన్నా తక్కువ పడితే, వేసినవాళ్ళు గురువారం సాయంత్రం ఐదింటిలోగా కారణం రాసివ్వాలి. లేకపోతే దరఖాస్తు పక్కన పెట్టేస్తారు.

చిట్టి ఏడవలేదు. వెళ్ళి కుట్టుబల్ల ముందు కూర్చుని, దారం తెగేదాకా బిగించి లాగింది. "ఆయన మార్కు ఆయనిష్టం పిన్నీ. నువ్వేం అడక్కు" అంది.

అడక్కుండా ఉంటే నేను నేనెందుకవుతాను? నేరుగా కిటికీ దగ్గరికి వెళ్ళాను. "ఏంటి మాస్టారూ ఈ ఐదు?"

"వేసిన మార్కు వేసిందే" అన్నారాయన, కిటికీలోంచి బయటికి చూస్తూ. బయట చూడ్డానికి గోడ తప్ప ఏమీ లేదు.

బుధవారమంతా మా షాపులో మాటలు లేవు. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారని నేను గోడకి చెప్పినట్టు నాలుగుసార్లు అన్నాను. గోడ విన్నది, మాస్టారు వినలేదు. కటింగ్ బాబాయ్ తన వంతుగా, "ఐదుని కొంచెం వంపు తిప్పితే ఆరవుతుంది కద సార్" అని సలహా ఇచ్చి తిట్లు తిన్నాడు.

గురువారం పొద్దున్న నాకు ఓపిక అయిపోయింది. చిట్టి ఇంకా రాలేదు. చేతిలో సూది చేతిలోనే ఉంది, వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను.

"ఐదొచ్చిన పుస్తకాన్ని మీరు ఏనాడైనా గుమ్మం దాటనిచ్చారా?"

"లేదు."

"విప్పించి మళ్ళీ కుట్టిస్తారు. తప్పెక్కడుందో వేలుపెట్టి చూపిస్తారు. మరి మా పిల్లకి ఐదేసి అలాగే కవర్లో పెట్టి పంపేశారే! దాంట్లో తప్పెక్కడుందో చూపించండి. కుట్టింది నేనేగా, విప్పి మళ్ళీ కుడతాను."

ఆయన బల్ల మీది కాగితం ముక్కలు సర్దడం మొదలుపెట్టారు. నాకు ఇంకా రేగింది. "తప్పు లేదు కాబట్టే చూపించలేకపోతున్నారు. అది వెళ్ళడం మీకిష్టం లేదు. అంతే కదా?"

ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు. మాస్టారు ఉలకలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకోలేదు.

"ఆ ప్రశ్న చదివానమ్మా" అన్నారు. "ఒంటరిగా నెగ్గుకురాగలదా అని. ఇది వెళ్ళిపోతే మనం నెగ్గుకురాగలమా అని బుర్రలో తిరగడం మొదలుపెట్టింది. నాలుగు రోజులు అదే ఆలోచించాను. మనకి ఎంత వెయ్యాలో అంత వేశాను."

లోకంలో ఎవడైనా ఒకరి ఫారంలో ఇంకొకరి మార్కు వేస్తాడా? మా మాస్టారు వేస్తారు.

"మరి తెలిశాక దిద్దొచ్చుగా?"

"దిద్దితే ఎందుకు దిద్దానో రాయాలి. రాస్తే..." అని ఆగిపోయి కళ్ళు మూసుకున్నారు. రాస్తే ఆ కాగితం వెళ్ళేది యూనివర్సిటీకి. లైబ్రరీ ఉన్నదీ అక్కడే. మూడు రోజులుగా మూటగట్టుకొచ్చిన కోపమంతా ఏమైందో నాకు తెలియదు. ఆయన మీద జాలేసింది, నా నోటి మీద నాకే సిగ్గేసింది. అలాగని చిట్టి సీటుని వదులుకోనూ లేను. మింగలేక కక్కలేక నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాను.

మూడున్నరకి మాస్టారు లేచి వేరే చొక్కా తొడుక్కున్నారు. "పదండి" అన్నారు. షాపు కటింగ్ బాబాయ్‌కి వదిలేసి ముగ్గురం బయల్దేరాం. దారిలో చిట్టికి నేనేమీ చెప్పలేదు. నా జీవితంలో అంతసేపు నోరు మూసుకోవడం అదే మొదలు.

ఆఫీసులో చిట్టి పేరు చెప్పగానే ఒకావిడ ఫైళ్ళ మధ్య నుంచి తలెత్తి, "ఓ, ఆ కవరు మీదేనా? తెరవడానికి బ్లేడు విరిగిందండీ" అంది. చిట్టి ఫైలు తీసి చూపించింది. "తక్కినవాళ్ళ ఫారాలన్నిట్లో పదులే ఉన్నాయి సార్. మీరొక్కరే ఇలా వేశారు."

"అన్నీ పదులొచ్చినవాళ్ళు అంతదూరం వెళ్ళి ఏం నేర్చుకుంటారమ్మా?" అన్నారు మాస్టారు.

ఆవిడ నవ్వేసింది. మంచిమనిషి. గొంతు తగ్గించి, "ఈ ఐదు పొరపాటున పడిందని ఒక ముక్క రాసిచ్చేయండి. మాకు చాలు" అంది.

నా ప్రాణం లేచొచ్చింది. ఎంత సుళువు! ఎవరి పరువూ పోదు. ఊఁ అనండి మాస్టారూ అని మనసులో అరుస్తున్నాను.

"పొరపాటున పడలేదు" అన్నారాయన. కాగితం అందుకుని, గీతలు కనిపించక అటూ ఇటూ తిప్పి, చిట్టి చేతికిచ్చారు. "నేను చెబుతాను, నువ్వు రాయి. రెండేళ్ళుగా మీ లైబ్రరీ పుస్తకాల మీద పేర్లు వేస్తున్నది నేను కాదు. ఈ అమ్మాయి. నా కళ్ళు ఆనడం లేదు."

చిట్టి కలం బల్ల మీద పెట్టేసింది. "నేను రాయను మాస్టారూ."

"రాయి."

"రాయనంటే రాయను. నాకు సీటొద్దు, ఏమీ వద్దు." అప్పుడు ఏడ్చింది, అంత పొడుగు పిల్లా చిన్నపిల్లలా ముక్కు ఎగబీలుస్తూ.

నేను కలం తీసుకున్నాను. "ఏమండీ, సంతకానికి బంధువు పనికిరాదన్నారు. రాయడానికి పనికొస్తుందా?" అని అడిగాను. పనికొస్తుందంది ఆవిడ. మాస్టారు ఆ అక్షరాల సంగతి మళ్ళీ చెప్పారు, నేను రాశాను. ఆ కింద, "ఈ అమ్మాయి వెళ్ళిపోతే మా షాపు ఎలా నడుస్తుందని భయపడి ఆ మార్కు వేశాను, ఆ ఐదు ఆ అమ్మాయిది కాదు, నాది" అని రాయమన్నారు. ఇంతే చెప్పారు. కింద సంతకం పెట్టారు. సంతకం గీత మీద ఉండకుండా పైకి పోయింది.

ఆఫీసావిడ ఆ కాగితం రెండుసార్లు చదివింది. "మా పక్క గదిలో ఉన్న పుస్తకాల మీద అక్షరాలు... అవన్నీ ఈ అమ్మాయివా?" అంది. తర్వాత కలం చేతిలోకి తీసుకుని, "సరే సార్, మరి ఆ ప్రశ్నకి అమ్మాయికి ఎంత వెయ్యమంటారు?" అని అడిగింది.

"తొమ్మిది వేద్దామనుకునే వచ్చాను" అన్నారు మాస్టారు. "ఇప్పుడు పెద్దాయన రాయమంటే రాయనని మొండికేసింది. ఎనిమిది వెయ్యండి."

చిట్టి ఏడుస్తూనే నవ్వింది.

బయటికి వచ్చాక మెట్ల దగ్గర మాస్టారు ఆగారు. ఇన్నాళ్ళూ గోడ తడుముకుంటూ, అలవాటుగా తడుముతున్నట్టు నటిస్తూ దిగే మనిషి, "చెయ్యియ్యవే" అని చిట్టిని అడిగి పట్టుకున్నారు. దిగుతూ దిగుతూ వెనక్కి తిరిగి నాతో, "రేపట్నించి నువ్వు అక్షరాలు నేర్చుకో" అన్నారు.

"ఈ వయసులోనా? ఎవరు నేర్పుతారు?"

"ఇదుగో, ఇది నేర్పుతుంది."

లైబ్రరీ ఆయన ఆ తర్వాత ఒక్కసారే వచ్చాడు. మా తిరుగులేని చేతి గురించి ఏమీ అనకుండా పుస్తకాలు తీసుకుని వెళ్ళాడు. కొత్తవి ఇంకా పంపలేదు, పంపుతాడో లేదో తెలియదు. మాస్టారికి మాత్రం దగ్గు తగ్గింది. చిట్టి రోజూ నన్ను పొయ్యి ముందు కూర్చోబెట్టి, "పిన్నీ, మోచెయ్యి కదపకు. పిన్నీ, ఊపిరి బిగబట్టకు" అని నా ప్రాణం తీస్తోంది. పాపం, నేను దానికి సూది పట్టడం నేర్పేటప్పుడు ఇంత చాదస్తంగా చెప్పలేదు. మొన్న సీటు దానికే వచ్చిందన్న కబురు అందే వేళకి నా వేళ్ళ మీద మూడు బొబ్బలున్నాయి. అది పరుగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుంటే నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు.

"సంతోషానికా, బొబ్బలకా?" అని మాస్టారు కిటికీ దగ్గర్నుంచి వేళాకోళం చేశారు.

"రెంటికీ కాదు మాస్టారూ" అన్నాను. "ఇది వెళ్ళడం నాకూ ఇష్టం లేదు."