మెకాల డొంక

ఏసోబు పాము కరిచి చచ్చిపోయాడని పోలీసులు కాగితం మీద రాసుకుపోయారు. ఆ పాము మైలున్నర పొడవుంది. రాటల మీద నిలబడి ఉంది. దాని తల ఊరి మోతుబరి బాపయ్యగారి మోటారు షెడ్డులో ఉంది. ఫ్యూజు పీకితే చస్తుంది, పెడితే బతుకుతుంది. అటువంటి పాముకు శాస్త్రంలో పేరు లేదు గనక పల్లెజనం దాన్ని కరెంటు కంచె అనేవాళ్ళు.

అది కాటు వేసినప్పుడు కొండమ్మ చూసింది. ఏసోబు ఆమె మొగుడు. తెల్లవారుతూనే ఇద్దరూ మిరపకోతకు పోతుంటే కంచెకు ఒక చూలు దుప్పి అతుక్కుని కనిపించింది. మెడ వేలాడిపోయింది గాని కడుపు ఇంకా కదులుతోంది.

"లోపల పిల్ల బతికే ఉన్నట్టుందే" అంటూ ఏసోబు దాని వెనక కాలు పట్టుకుని లాగాడు.

అరవలేదు. దుప్పికీ మనిషికీ కలిపి ఒకటే వణుకు. కొండమ్మ చేతికందిన ఎండు తుమ్మకర్ర తీసుకుని అతని మణికట్టు మీద బాదింది. ఏడోదెబ్బకు ఎముక విరిగి చెయ్యి దుప్పి కాలినుంచి ఊడివచ్చింది. అప్పటికే అతని ముక్కులోంచి నెత్తురు గడ్డం దాకా దిగింది.

బాపయ్య మనుషులు వచ్చారు. శవాన్ని కాళ్ళు పట్టి గట్టు దాకా ఈడ్చారు. చీలమండ దగ్గర తుమ్మముల్లుతో రెండు గాట్లు పొడిచారు. కొండమ్మ అడ్డం పడితే ఒకడు మెడ మీద కాలు వేసి ఆమె ముఖాన్ని దుక్కిలో అదిమి, పని అయ్యేదాకా అలాగే నిలబడ్డాడు. నిలబడి చుట్ట కూడా ముట్టించాడు. దుప్పికి మాత్రం ఏ మర్యాదా తక్కువ కాలేదు. మధ్యాహ్నానికి దాన్ని మసాలా పట్టించి వండి, పంచనామాకు వచ్చినవాళ్ళకు వడ్డించారు.

గొల్లబండ గుంటూరు జిల్లా చివర, వినుకొండకు ఆవల, ప్రకాశం జిల్లా గట్టుకు ఆనుకుని ఉంటుంది. పడమట నల్లమల. తూర్పున ఒంటరిగా బోడికొండ. రెండింటి నడుమ మిరప, పత్తి చేలు. ఆ చేల మధ్యనుంచి ఈ కొండకూ ఆ కొండకూ ఒక డొంక ఉంది. రేగుపొదలు, కంప, ఒక చిన్న వాగు. అది మనుషుల దారి కాదు. వేసవిలో నల్లమల మెకాలు, అంటే దుప్పులూ పందులూ, బోడికొండ రాతిదోనలో నిలిచిన నీళ్ళకోసం దానివెంట వచ్చేవి, వానలు పడగానే దానివెంటే పోయేవి. అందుకే మెకాల డొంక అన్నారు.

కావలి కాసేవాళ్ళకు తాతలనాటి కట్టు ఒకటుంది. చేలో మంచె మీద డబ్బా ఎంతైనా కొట్టొచ్చు గాని డొంకను ఆనుకున్న మంచె మీద కొట్టకూడదు. అన్ని వైపులా మోత, డొంకలో మౌనం. ఆ మౌనమే పంది చెవికి దారి చూపించేది. మందలు చేలు తొక్కకుండా సాఫీగా వెళ్ళిపోయేవి.

మండలాఫీసులు వచ్చిన ఏడు బాపయ్య ఆ డొంకను బంజరుగా చూపించి పట్టా చేయించుకున్నాడు. పత్తి పెట్టాడు. కంచె కట్టాడు. డొంక పక్క మంచెల మీద కూడా డబ్బాలు కొట్టమని పల్లెవాళ్ళను కావలికి పెట్టుకున్నాడు. అటుతర్వాత రెండు నెలలకే కొండ అడుగున పల్లెకు సర్కారిచ్చిన ముప్ఫై ముక్కల భూమిలో పందులు పడ్డాయి. కాపుమీదున్న మిరపను వేళ్ళతో సహా తిరగదోడాయి. తొమ్మిది కుటుంబాలు విసిగిపోయి తమ ముక్కల్ని బాపయ్యకే వదిలేశాయి. మిగిలినవాళ్ళు వదలడానికి సిద్ధంగా ఉన్నారు.

ఏసోబును పూడ్చిన ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి ముందు జనం కూర్చున్నారు. కుర్రకారు పందులకు నాటుబాంబులు పెడదామన్నారు. మిషన్ బడి మాస్టరు ప్రేమదాసు అర్జీ పెడదామన్నాడు. ఇదివరకు పెట్టినవి ఏమయ్యాయని ఎవరో అడిగితే ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. మెకాల డొంక అనేది ఏ రికార్డులోనూ లేదని ఆఫీసువాళ్ళు నవ్వి పంపారట.

అప్పుడు జక్రయ్య లేచాడు. ఏసోబు తండ్రి, నలభై ఏళ్ళుగా మంచె దిగని కావలి మనిషి. కుర్రతనంలో ఎలుగుబంటి నెక్కి వినుకొండ సంతకు పోయాననీ, అక్కడ అది తన బెల్లం తానే బేరమాడిందనీ చెప్పేవాడు. ఆయన నోరు తెరిస్తే నవ్వడం పల్లెకు అలవాటు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

"నల్లమలా బోడికొండా వియ్యంకులురా" అన్నాడు జక్రయ్య. "అక్కడి పోతుకు ఇక్కడి పెంటి, ఇక్కడి పోతుకు అక్కడి పెంటి. నేను పుట్టకముందునుంచీ రాకపోకలున్నాయి. డొంక మూస్తే బోడికొండ మీద అన్నకీ చెల్లెలికీ పెళ్ళి చెయ్యాలి. మూడు కాన్పులు తిరిగేసరికి ఆ కొండ మీద కుందేలు కూడా మిగలదు. వాటికి బాంబు పెడతారా మీరు? పిల్లనివ్వడానికి పోతా ఉంటే వీధి తలుపేసినవాడెవడు?"

"వేసింది బాపయ్య. మన చేలు తొక్కింది పందులేగా?" అన్నాడు వెనకనుంచి ఒక కుర్రాడు.

జక్రయ్య గొంతు తగ్గింది. "తొక్కమని తోలింది నేనురా. డొంక పక్క మంచెక్కి డబ్బా కొట్టింది నేను. మా అయ్య చచ్చేప్పుడు కూడా చెప్పాడు, అక్కడ కొట్టమాకని. కొట్టాను. మీరందరూ కొట్టారు. వాటికి ఎటు పోవాలో తెలీక మన చేలల్లో పడ్డాయి. నా కొడుకును ఆ తీగ చంపలేదు, ఆ డబ్బా చంపింది."

కొండమ్మ పైటకొంగు నడుముకు దోపుకుని ముందుకు వచ్చింది. ఆమె మెడ మీద చెప్పు అచ్చు ఇంకా మానలేదు.

"పందులు మనల్ని ఖాళీ చేయిస్తన్నాయనుకున్నాం" అంది. "అవి కూడా మనలాగే బాపయ్య కింద వెట్టి చేస్తన్నాయి. ఆయనకు డొంకా కావాలి, మన ముక్కలూ కావాలి. ఒక్క తీగతో రెండూ తీసుకుంటన్నాడు. దారి తెరిస్తే మన భూమి మనకుంటది. తెరవకపోతే వచ్చే ఏటికి ఈ పల్లె ఉండదు. అర్జీ నేను పలుగుతో రాస్తాను మాస్టారూ, మీరొస్తారా?"

ప్రేమదాసు కళ్ళజోడు పెట్టుకున్నాడు. వస్తానన్నాడు.

మర్నాడు పట్టపగలే కదిలారు. వినుకొండలో మోటార్లకు తీగ చుట్టే జాన్ బాషా ఏసోబుకు చిన్నప్పటి నేస్తం. అతను ముందే పోయి ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజులు మూడూ పీకి లుంగీలో మూట కట్టుకున్నాడు. ఆడా మగా ఎనభైమంది పలుగులతో, గొడ్డళ్ళతో డొంక మొదట్లో దిగారు. ఒకళ్ళు రాట పీకితే ఒకళ్ళు తీగ నరికారు. పాతినవి వాళ్ళ చేతులే గనక ఏ రాట ఎంత లోతులో ఉందో వాళ్ళకు బాగా తెలుసు.

సగం దూరం పోయేసరికి బాపయ్య కల్లం అడ్డం వచ్చింది. మిరపకాయలు మోకాలెత్తున ఆరబోసి ఉన్నాయి. బాపయ్య మనుషులు ఇరవైమంది బరిసెలు పట్టుకుని వాటి మీదుగానే పరిగెత్తుకు వచ్చారు. కాయలు కాళ్ళ కింద నలిగాయి. లేచిన మిరప కోరు ఘాటుకు శత్రువెవరో మిత్రుడెవరో కనబడలేదు. ఆ రోజు నరసరావుపేట దాకా తుమ్మారని చెప్పుకుంటారు. అంత కాకపోయినా వినుకొండ దాకా అయితే నమ్మొచ్చు.

ఆ ఎర్రదుమ్ములోనే నెత్తురు కళ్ళజూశారు. ప్రేమదాసు భుజంలో బరిసె దిగి వీపున తేలింది. ఆయన దాన్ని పట్టుకుని వదల్లేదు, పొడిచినవాడు కర్ర విడిచి పారిపోయాడు. కొండమ్మ తల మీద దుడ్డుకర్ర పడింది. చెవి మీదుగా వెచ్చగా కారుతుంటే ఆమె దగ్గుతూ, ఏడుస్తూ ఎదుటివాణ్ణి చూసింది. మెడ మీద కాలు వేసినవాడు. పలుగు అడ్డంగా తిప్పి అదే కాలి మోకాలు మీద కొట్టింది. చిప్ప పగిలిన చప్పుడు ఆమెకు వినిపించింది. వాడు మిరపకాయల్లో పడి గిలగిల్లాడాడు. ఆమె రెండోదెబ్బ ఎత్తి, దించేసి, అవతలి రాట దగ్గరికి నడిచింది.

బాపయ్య రెండు గొట్టాల తుపాకీతో షెడ్డు ముందు నిలబడ్డాడు. జక్రయ్య అప్పటికే షెడ్డు ముందరి రాటను కౌగిలించుకుని ఊపుతున్నాడు.

"ఒరేయ్ జక్రిగా, మా ఉప్పు తిన్నావురా" అన్నాడు బాపయ్య.

"తిన్నానండి అయ్యగారూ. చెమటలో ఎప్పుడో పోయింది" అని జక్రయ్య రాట పైకి లాగాడు.

రెండు గొట్టాలూ ఒకేసారి పేలాయి. ముసలాడు రాటతో సహా వెనక్కి పడ్డాడు. పొట్ట ఉన్నచోట గుంట పడింది. జనం పారిపోతారని బాపయ్య అనుకున్నాడు. మళ్ళీ తూటాలు పెట్టుకునే తీరిక అతనికి దొరకలేదు. ఎనభైమంది మీద పడ్డారు. తుపాకీ ముక్కలైంది. దాన్ని పట్టుకున్న చెయ్యి రెండుచోట్ల విరిగింది. చంపేద్దామన్నవాళ్ళను కొండమ్మే ఆపింది. కంచె ఇంకా మిగిలే ఉంది, ముందు ఆ పని చూడమంది.

జక్రయ్య తల ఆమె ఒళ్ళో పెట్టుకుంది. ఆయన పెదాలు కదిలాయి.

"అయిందా అమ్మాయ్?"

"అయిపోయింది మావా. చివరిదాకా పీకేశారు" అంది కొండమ్మ. ఇంకా నలభై రాటలు ఉన్నాయి. తన బతుకంతా పల్లెకు అబద్ధాలు చెప్పి నవ్వించిన మనిషి ఆ ఒక్క అబద్ధం నమ్మి కళ్ళు మూశాడు. ఆ నలభై పొద్దుగూకే లోపల పీకారు.

పోలీసులు సాయంత్రం వచ్చి మగవాళ్ళలో దొరికినవాళ్ళనల్లా కొట్టుకుంటూ వ్యానుకెక్కించారు. ప్రేమదాసును భుజానికి కట్టు కూడా కట్టనివ్వకుండా తోసుకుపోయారు. జాన్ బాషాను ఫ్యూజులు ఎక్కడున్నాయని వేళ్ళ మీద కొట్టారు. జక్రయ్య ఒళ్ళో పందిబాంబు పేలిందని రాసుకున్నారు. కోతల్లో జక్రయ్యను మించినవాడు ఆ కాగితం రాసినవాడొక్కడే. డొంకలో పోలీసు పికెట్ పెట్టారు. కానీ మళ్ళీ రాటలు పాతడానికి చుట్టుపక్కల ఊళ్ళలో ఒక్క కూలి మనిషి పలుగు పట్టలేదు. బాపయ్య కాయ చెట్టునే పండి, ఎండి, రాలిపోయింది.

పికెట్ మొదటి సాయంత్రమే దుప్పుల మంద వచ్చింది. తొక్కి పడేసిన తీగల దగ్గర ముందున్న పెంటి ఆగింది. వాసన చూసింది. కానిస్టేబుళ్ళు చూస్తుండగానే గెంతి దాటింది. వెనకవన్నీ దాటాయి.

మూడోనాడు ఆసుపత్రినుంచి జక్రయ్య శవం వచ్చింది. ఊళ్ళలోంచి జనం వచ్చారు. మట్టి వేసి తిరిగేసరికి బోడికొండ వైపునుంచి ముప్ఫైమంది దుమ్ముకాళ్ళతో దిగారు. ప్రకాశం జిల్లావాళ్ళు. మేకలు మేపుకునేవాళ్ళు, కూలివాళ్ళు. ముందున్న ముసలామె తన పేరు రసూల్‌బీ అని చెప్పి, కట్టుతో ఉన్న కొండమ్మ తలను రెండు చేతుల్లోకి తీసుకుంది.

"మీరు దారి తెరిచారమ్మా, దుప్పులు మా దాకా వచ్చినాయి. మా దగ్గర కాంట్రాక్టరు క్వారీకని గోడ కట్టి పైన కరెంటు తీగ పెట్టాడు. నిన్న నాలుగు దాని మీదే చచ్చినాయి. తీయబోయిన మా చెల్లెలు కూడా. అవతల ఇంకో కొండుంది, దానికవతల ఇంకోటి. ఎక్కడికక్కడ మూస్తన్నారు."

కొండమ్మ ఏడవలేదు. మీ ఊరు ఎంత దూరమని అడిగింది.

"ఇప్పుడు కొండెక్కితే పొద్దుగూకే లోపల దిగుతాం."

కొండమ్మ శ్మశానం గోడకు చేరగిలేసిన పలుగు తీసుకుని డొంకలో దిగింది. ఆడవాళ్ళు, అరెస్టు కాకుండా మిగిలిన మగవాళ్ళు, పరాయి ఊళ్ళవాళ్ళు వెంట దిగారు. పికెట్‌లో ఉన్న కానిస్టేబుల్ పైవాళ్ళకు కబురు పంపడానికి వెళ్ళేవాళ్ళను లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. వంద దాటాక ఆపేసి, టోపీ తీసి, బోడికొండ వైపు చూస్తూ నిలబడిపోయాడు.